కొత్తవాళ్ల పెట్టె

హనుమకొండ,
ఆదివారం

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వడిగిన దానికి నిలబడ్డచోటే జవాబు చెప్పి పెట్టేయడం నాకు నచ్చలేదు. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నువ్వూ తీరిక చూసుకుని చదువు.

"మా క్లబ్‌హౌస్‌లో ఆదివారం పత్తాలాటకు కొత్తవాళ్లు వస్తే అందరం ఒక జట్టుగా ఆడే ఆట పెట్టాలా, ఎదురెదురుగా కూర్చుని ఆడేది పెట్టాలా మామా?" అన్నావు. ఆ వెంటనే శ్రీకాకుళం నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన మీ పీజీ అమ్మాయి సంగతి చెప్పావు. జట్టు ఆటే పెట్టారు. అందరూ ప్రేమగానే చూసుకున్నారు. ఆట కూడా గెలిచారు. అయినా మరుసటి వారం ఆ అమ్మాయి రాలేదు. "గెలిచిన మనిషి ఎందుకు రాలేదో అర్థం కాలేదు" అన్నావు.

ఆ ఆటలో ఆ అమ్మాయి తనంతట తాను ఏం చేసిందో ఒకసారి గుర్తు చేసుకో. నువ్వు చెప్పినదాన్ని బట్టి, పక్కన కూర్చున్న టీమ్ లీడ్ ఆమె చేతిలోని పత్తాలు చూసి, "ఇది వెయ్యి, ఇది దాచు, ఇప్పుడు అతన్ని కొట్టు" అని చెబుతూ వచ్చాడు. ఆమె అలాగే వేసింది. అన్నం కలిపి ముద్దలు నోట్లో పెట్టినట్టు ఆటంతా అతనే పెట్టాడు. అతనికి దురుద్దేశం లేదు, సాయం చేస్తున్నానే అనుకున్నాడు. కానీ ఆమె మూడు గంటలు కూర్చుని ఒక్క నిర్ణయం కూడా తీసుకోలేదు. గెలుపు బల్ల మీద పడిందే తప్ప ఆమెకు చేరలేదు.

అందుకే చెబుతున్నాను, జట్టు ఆటా పోటీ ఆటా అనే ప్రశ్న రెండోది. మొదటిది వేరే ఉంది. కొత్తగా కూర్చున్న మనిషికి తన సొంత నిర్ణయం ఒకటైనా దక్కిందా? తప్పో ఒప్పో "ఇది నేనే చేశాను" అని ఇంటికి తీసుకెళ్లడానికి ఆమె దగ్గర ఏమైనా ఉందా? ఉంటే మళ్లీ వస్తుంది. రెండు రకాల ఆటలూ అది ఇవ్వగలవు, రెండూ దాన్ని లాగేసుకోగలవు.

ముందు జట్టు ఆట సంగతి చూద్దాం. నేను వదిలివెళ్లిన పెట్టెల్లో మార్వెల్ ఛాంపియన్స్ ఉంది కదా, 2019లో వచ్చింది. కొత్తవాళ్లకు నేను ముందుగా తీసేది అదే. అందులో విలన్‌గా మనిషెవరూ కూర్చోరు. విలన్‌కు వేరే పత్తాల కట్ట ఉంటుంది, అది తిరగేసినకొద్దీ వాడి పని వాడు చేసుకుపోతాడు. మొదటి విలన్ రైనో, అందరికన్నా తేలిక. వాడి ప్రాణం ఆడేవాళ్ల సంఖ్యను బట్టి పెరుగుతుంది కాబట్టి ఇద్దరున్నా నలుగురున్నా ఆట చెడదు. ఆలస్యంగా వచ్చినవాళ్లుంటే ఒక్క నిమిషంలో లెక్క మార్చి కూర్చోబెట్టవచ్చు. మొదటి ఆటకు స్పైడర్‌మ్యాన్, కెప్టెన్ మార్వెల్ కట్టలు పెట్టెలోనే సిద్ధం చేసి ఇస్తారు, ఎవరూ ముందే కూర్చుని డెక్ కట్టనక్కర్లేదు.

ఇందులో నాకు బాగా నచ్చింది ముసుగు సంగతి. ప్రతి వంతులో ఒకసారి నువ్వు హీరోగా ఉండాలో, ముసుగు తీసి మామూలు మనిషిగా మారాలో తేల్చుకోవచ్చు. స్పైడర్‌మ్యాన్ పీటర్ పార్కర్‌గా మారితే గాయాలు మాన్పుకోవచ్చు, చేతిలోకి ఒక పత్తా ఎక్కువ వస్తుంది. కానీ అప్పుడు విలన్ కొట్టడం ఆపి తన కుట్రను ముందుకు తోస్తాడు. ఆ కుట్ర నిండితే అందరూ ఓడిపోతారు. నా ఒళ్లు కాపాడుకోనా, ఊరు కాపాడనా అనే ప్రశ్న అది. స్పైడర్‌మ్యాన్ సినిమా చూసిన ఎవరికైనా క్షణంలో అర్థమవుతుంది, రూల్సు పుస్తకం అక్కర్లేదు. ఆ ప్రశ్న కొత్తమనిషి ముందుకు వచ్చినప్పుడు బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నోరు మూసుకోవాలి. ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో చూడు, ఎవరెప్పుడు మాట్లాడకూడదో కూడా చూడు. ఆదివారం బల్ల నడిపే మనిషికి ఇంతకంటే పెద్ద పని లేదు.

చుట్టుపక్కల ఆఫీసుల మర్యాద ఒకటి మన బల్ల మీదికి కూడా వస్తుందని మరిచిపోకు. గచ్చిబౌలిలోనో రాయదుర్గంలోనో వారమంతా ఒకరు చెప్పడం, ఒకరు చేయడం అలవాటు. లీడ్ "ఇలా చెయ్" అంటే ఫ్రెషర్ "సరే సర్" అంటాడు. ఆదివారం బల్ల దగ్గర కూర్చున్నంత మాత్రాన ఆ "సరే సర్" పోదు. జట్టు ఆటలో అందరి గెలుపూ ఒకటే కాబట్టి అనుభవం ఉన్నవాడికి చెప్పడానికి కారణం దొరుకుతుంది, లేనివాడికి ఎదురు చెప్పడానికి కారణం దొరకదు. "నా పత్తా నా ఇష్టం" అన్నా స్వార్థంలా వినిపిస్తుంది. ఒకే ఆఫీసువాళ్లు ఒకే జట్టులో పడకుండా చూడు. తప్పనప్పుడు పాతమనిషికి కష్టమైన హీరోని ఇవ్వు. వాడి పత్తాలతో వాడు సతమతమవుతుంటే పక్కవాళ్ల చేతిలోకి తొంగిచూసే తీరిక ఉండదు. ఆట మొదలయ్యే ముందు ఒక్క మాట గట్టిగా చెప్పు: "ఎవరి పత్తాలు వాళ్లవే. అడిగితేనే సలహా." చాలామంది దీన్ని హాయిగా ఒప్పుకుంటారు, ముందే ఎవరో ఒకరు చెప్పాలంతే.

ఈ పెత్తనం రోగానికి ఆట లోపలే మందు పెట్టినవాళ్లూ ఉన్నారు. ద క్రూ అని 2019లో జర్మనీలో వచ్చిన చిన్న ఆట ఉంది, థామస్ సింగ్ అనే ఆయన చేసింది. తురుపు ఆటే, కానీ అందరూ ఒకే జట్టు. ఏ పత్తా ఎవరు గెలుచుకోవాలో ముందే ఒప్పందం ఉంటుంది. చేతిలో ఏముందో చెప్పకూడదు, ఒక్కో ఆటలో ఒక్కసారి ఒక పత్తా బయటపెట్టి అది ఆ రంగులో పెద్దదనో చిన్నదనో అదొక్కటే ఉందనో సైగ చేయవచ్చు, అంతే. మాట్లాడకూడదని రూలే ఉన్నప్పుడు పెత్తనం ఎవరు చేస్తారు? ఊళ్లో తురుపు ఆడినవాళ్లకు రెండు నిమిషాల్లో వస్తుంది. దానికి తర్వాత కొని కలుపుకునే అదనపు పొట్లాల, అంటే ఎక్స్‌పాన్షన్ల, గొడవ లేదు. తొందరగా వచ్చిన కొత్తవాళ్లతో మిగతావాళ్లు చేరేదాకా అది ఆడించు.

ఇక పోటీ ఆట. "కొత్తవాళ్లను పోటీలో కూర్చోబెడితే ఓడి పారిపోతారు" అని నీ స్నేహితురాలు అందన్నావు. ఓడిపోయినందుకు పారిపోయినవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు. తన చేతిలో ఏమీ లేదని తెలిసిపోయినందుకు వెళ్లిపోయినవాళ్లను చూశాను. సమానమైన కట్టలతో ఓడితే "ఇంకొకటి ఆడదాం" అంటారు. ఎదుటివాడి దగ్గర ఏళ్లుగా కొన్న పత్తాలుండి, తన దగ్గర అప్పుడే విప్పిన కట్ట ఉంటే అది ఆట కిందికే రాదు. ఎవరు ఎంత ఖర్చుపెట్టారో చూపించుకోవడం అవుతుంది.

పోటీ ఆటకు ఒక గొప్ప గుణం ఉంది. ఎదురుగా కూర్చున్నవాడు నీకు సలహా చెప్పలేడు. నీ వంతు నీదే. అందరూ భయపడే కుర్చీయే కొత్తమనిషికి ఒక్కోసారి ఎక్కువ గౌరవం ఇస్తుంది. నెట్‌రన్నర్ అనే పత్తాల ఆట మీద నాకింత ప్రేమ అందుకే. నువ్వింకా దాని మూత తెరవలేదన్నావు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఇద్దరే ఆడతారు, ఇద్దరిదీ ఒకే పని కాదు. ఒకరు కార్పొరేషన్, ఇంకొకరు దాని కంప్యూటర్లలోకి చొరబడే రన్నర్. కార్పొరేషన్ తన సర్వర్ల ముందు బోర్లా పెట్టిన పత్తాలతో గోడలు కడుతుంది. రన్నర్ ఏ గోడ వెనక ఏముందో తెలియకుండానే పరిగెత్తుకెళ్లాలి. కార్పొరేషన్‌కు వంతుకు మూడు పనులు, రన్నర్‌కు నాలుగు. దాచిన అజెండాలను పూర్తి చేసుకుని కార్పొరేషన్, దొంగిలించి రన్నర్, ముందు ఏడు పాయింట్లు చేర్చినవాళ్లు గెలుస్తారు. ఊళ్లో గుడి అరుగు రాతి మీద గీసిన పులి-మేక చూశావు కదా, పులికి ఒక చలనం, మేకకు ఇంకో చలనం, అయినా ఆట సమానమే. మన తాతల కాలం నుంచి మనకు తెలిసిన పద్ధతే ఇది. హెచ్‌క్యూ, ఆర్ అండ్ డీ, ఆర్కైవ్స్ అని సర్వర్లకు పేర్లుంటాయి. ఇక్కడి పిల్లలకు ఆ పేర్లు విడమరిచి చెప్పే పనే ఉండదు, వారమంతా వాటి మధ్యే బతుకుతారు. కొత్తవాళ్లకు రన్నర్ ఇవ్వు. "వెళ్లనా, వద్దా?" అనే ప్రశ్న ప్రతి వంతులోనూ వాళ్లదే. ఒక ఆట అయ్యాక కట్టలు మార్చుకుని ఆడండి. తను ఎదుర్కొన్న గోడల్ని తనే కట్టినప్పుడు ఆట లోపలి భాగం అర్థమవుతుంది.

దాని చరిత్ర కూడా నీకు తెలియాలి. మ్యాజిక్: ద గ్యాదరింగ్ చేసిన రిచర్డ్ గార్‌ఫీల్డే 1996లో దీన్ని మొదట చేశాడు. అది కొన్నేళ్లకే ఆగిపోయింది. 2012లో లూకాస్ లిట్జింగర్ దాన్ని మళ్లీ మలిస్తే ఫాంటసీ ఫ్లైట్ కంపెనీ వేసింది. అందులో ఒక వరస పత్తాలు ముంబాడ్ అనే భవిష్యత్తు భారత నగరంలో జరుగుతాయి, వాటిని చూపించి మొదలుపెడితే బల్ల దగ్గర ఉత్సాహం వేరు. 2018లో లైసెన్సు ముగిసి అది కూడా ఆగింది. అప్పుడు ఆడేవాళ్లే ఒక సంఘంగా ఏర్పడి కొత్త పత్తాలు తయారుచేయడం మొదలుపెట్టారు. ఇప్పుడా సంఘం పేరు నల్ సిగ్నల్ గేమ్స్. కొత్తవాళ్ల కోసమే 2021లో సిస్టమ్ గేట్‌వే అని ఒక పెట్టె తెచ్చారు. నేర్పడానికే కట్టిన రెండు చిన్న కట్టలు అందులో ఉంటాయి, ఆ మొదటి ఆటకు ఆరు పాయింట్లే చాలు. ఇంకా మంచి సంగతి, పత్తాల పీడీఎఫ్‌లు ఉచితంగా పెట్టారు. జెరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని ఆడినా తమ పోటీల్లో ఒప్పుకుంటారు. చేతిలో డబ్బు లేనివాణ్ని తలుపు బయట నిలబెట్టకూడదని ఒక ఆటను నడిపేవాళ్లు నిర్ణయించుకున్నారన్నమాట. ఆ నిర్ణయం మీద నాకు గొప్ప గౌరవం ఉంది.

ఈ మాటకు మన నిర్మల్ ఊరు గుర్తొస్తోంది. అక్కడి చిత్రకారులు ఒకప్పుడు గంజిఫా పత్తాలు తయారుచేసేవాళ్లు, గుండ్రంగా, చేత్తో రంగులు వేసి. మొగలాయీ గంజిఫాలో ఎనిమిది రంగులు, తొంభై ఆరు పత్తాలు. మనవాళ్లు దశావతారాలకు పది రంగులు చేసి నూట ఇరవైకి పెంచారు. ఒడిశాలో ఇంకా పెంచుకుంటూ పోయారు. పత్తాలు పెంచుకుంటూ ఆడడం మన నేలకు కొత్తేం కాదు. ఇవాళ ఆ పత్తాలు మ్యూజియం అద్దాల వెనక, హస్తకళల దుకాణాల్లో కనిపిస్తాయి. వాటితో ఆడడం తెలిసిన మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. బొమ్మ మిగిలింది, ఆట పోయింది. నెట్‌రన్నర్‌కు జరిగింది సరిగ్గా తలకిందులు. కంపెనీ ఆపేసింది, ఆట మిగిలింది, ఎందుకంటే నేర్పేవాళ్లు మిగిలారు. నీ ఆదివారాలను నేనింత పట్టించుకోవడానికి కారణం ఇదే అమ్మలూ.

ఇప్పుడు అసలు గోడ సంగతి. కొత్తవాళ్లకు అడ్డం నిలబడేది ఎదురుగా కూర్చున్న ప్రత్యర్థి అని అనుకుంటాం. నా లెక్కలో అల్మరాలోని ఎక్స్‌పాన్షన్లే అంతకన్నా పెద్ద అడ్డం. మనకు అవి సంపద. గుమ్మంలో నిలబడ్డవాడికి ఎక్కాల్సిన కొండ.

పెరిగే పత్తాల ఆటల్లో రెండు దారులున్నాయి. 1993లో మ్యాజిక్ తెచ్చిన దారి మొదటిది. మూసిన పొట్లం కొంటావు, లోపల ఏముందో తెలియదు. కట్టలో కనీసం అరవై పత్తాలు, ఒక్కో పత్తాకు నాలుగు ప్రతుల దాకా. మంచి పత్తా దొరికేదాకా పొట్లాలు చించుతూ పోవాలి, లేదా దాన్ని విడిగా ఎక్కువ ధరకు కొనాలి. రెండో దారి 2008లో ఫాంటసీ ఫ్లైట్ లివింగ్ కార్డ్ గేమ్ పేరుతో మొదలుపెట్టింది. పొట్లం మీద రాసిందే లోపల ఉంటుంది, ఎవరు కొన్నా అవే పత్తాలు. అదృష్టంతో పనిలేదు. మార్వెల్ ఛాంపియన్స్ ఈ కోవలోదే. ఈ దారి న్యాయమైనదని నా నమ్మకం. కానీ న్యాయమైన దారిలో కూడా పెట్టెలు పేరుకుంటాయి. పదేళ్లు పొట్లాలు వచ్చాక "ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" అని అడిగినవాడికి అటక చూపిస్తే ఏమవుతుందో ఆలోచించు.

పెట్టె సరిగా కట్టకపోతే జట్టు ఆట కూడా తలుపు మూసేస్తుందనడానికి ఒక ఉదాహరణ చెబుతాను. 2011లో వచ్చిన లార్డ్ ఆఫ్ ద రింగ్స్ పత్తాల ఆట. మూల పెట్టెలో మూడు కథలు. ఆట తయారుచేసినవాళ్లే వేసిన కష్టం అంకెలు మొదటిదానికి ఒకటి, రెండోదానికి నాలుగు, మూడోదానికి ఏడు. మొదటి కథ ఆడి సంబరపడిన మనిషి రెండోదానికి వెళ్లేసరికి మెట్లు లేవు, గోడ ఉంది. ఆ ఆట అంటే నాకిష్టమే, దాని అడవులూ నదులూ ఇష్టం. కొత్తవాళ్ల ముందు మాత్రం మొదటి కథ దాటి వెళ్లకు. అదే కథను వేరే హీరోలతో మళ్లీ ఆడించు.

అందుకని ఒక పని చెయ్యి. కొత్తవాళ్ల కోసం విడిగా ఒక పెట్టె కట్టు. మార్వెల్ ఛాంపియన్స్ మూల పెట్టెలోని ఐదుగురు హీరోల కట్టలు, రైనో. సిస్టమ్ గేట్‌వేలో నేర్పే రెండు కట్టలు. మ్యాజిక్ కావాలనేవాళ్లకు జంప్‌స్టార్ట్ పొట్లాలు. అవి 2020లో వచ్చాయి, ఇరవై పత్తాల పొట్లాలు రెండు తీసుకుని కలిపితే నలభై పత్తాల కట్ట అయిపోతుంది. ఎవరికీ ముందస్తు తయారీ ఉండదు, పాతవాడూ కొత్తవాడూ ఒకే గీత మీద నిలబడతారు. అంతే. ఈ పెట్టెలోకి ఇంకేమీ చేర్చకు, ఎంత మంచి ఎక్స్‌పాన్షన్ వచ్చినా సరే. మీలో పాతవాళ్లకు దానితో విసుగొస్తుంది. రానీ. వారానికొక గంట ఆ విసుగు ఓర్చుకోగలిగినవాళ్లే నీకు అసలైన సాయం. ఓర్చుకోలేనివాళ్లను వేరే బల్లకు పంపు, అక్కడ వాళ్ల పెద్ద కట్టలతో వాళ్లు ఆడుకుంటారు.

కొత్తవాళ్లను మొదటి నెలలో ఏమీ కొననివ్వకు. ఇష్టపడ్డ మనిషి ఆ రాత్రే ఫోన్లో ఆర్డరు పెట్టబోతాడు. మొదటి జీతం, పీజీ అద్దె, ఇంటికి పంపాల్సింది, వీటి మధ్య దిగుమతి పెట్టె ధర చిన్నదేం కాదు. ఆ ఖర్చయ్యాక ఆట నచ్చకపోతే డబ్బు పోయిన చేదు ఆట మీదికే వస్తుంది. మన పత్తాలతో ఆడనీ. ఏ హీరో తనకు కుదిరాడో తెలిశాక ఒక్క పొట్లం కొనుక్కుంటే చాలు. మీ అపార్ట్‌మెంటు పిల్లలు పోకెమాన్ ఫైళ్లు పట్టుకుని క్లబ్‌హౌస్‌కు వస్తారన్నావు. వాళ్లనూ కూర్చోబెట్టు. చాలామంది పిల్లలకు పత్తాలు మార్చుకోవడం తెలుసు, ఆట తెలియదు. దుకాణాల్లో దొరికే బంగారు రంగు పత్తాల్లో నకిలీలు చాలా ఉన్నాయి, ఆ సంగతి వాళ్ల అమ్మానాన్నలకు నెమ్మదిగా చెప్పు, పిల్లల ముందు కాదు.

అసోసియేషన్ పెద్దమనుషుల దగ్గరికి వస్తాను. "క్లబ్‌హౌస్‌లో పత్తాలాటా?" అని ఒకాయన అడిగినందుకు నీకు కోపం వచ్చింది. ఆయన మీద కోపం వద్దు. పత్తాలంటే మన ఇళ్లలో పడ్డ దెబ్బలు ఆయన చూసి ఉంటాడు. పొలాలు పోయిన ఊళ్లున్నాయి, ఫోన్లో రమ్మీ ఆడి అప్పులపాలైన పిల్లలున్నారు. 2017లో మన రాష్ట్రం గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధించింది. 2025లో కేంద్రం కూడా డబ్బుతో ముడిపడ్డ ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఆయన భయం వెనక ఇంత కథ ఉంది. కాబట్టి నువ్వే వెళ్లి బల్ల మీద ఏం జరుగుతుందో చూపించు. డబ్బు ఉండదని, పందెం ఉండదని, టీ ఖర్చు ఓడినవాళ్ల మీద వేయడం లాంటివి కూడా ఉండవని నోటీసు బోర్డులో తెలుగులో రాసి పెట్టు. ఆ చివరి మాట పాటించడం తేలిక కాదు, పాతవాళ్లు సరదాకి అంటారు. ఒప్పుకోకు. కొత్తమనిషి ఓడిపోవడానికి రూపాయి ఖర్చయినా ఉండకూడదు.

అదే పెద్దాయన్ని ఒకసారి ఆటకు పిలువు. పదమూడు ముక్కలాట వచ్చినవాళ్లు మార్వెల్ ఛాంపియన్స్ ఎంత తొందరగా పట్టుకుంటారో చూస్తే ఆశ్చర్యపోతావు. అందులో ఒక పత్తా ఆడాలంటే చేతిలోని వేరే పత్తాలు ఖర్చుగా పడేయాలి. ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి అనే బాధ రమ్మీ ఆడేవాళ్లకు పాత చుట్టమే. 1967లో సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు రమ్మీ నైపుణ్యంతో కూడిన ఆట అన్నప్పుడు చూపిన కారణాలు కూడా ఇవే: పడిన పత్తాలు గుర్తుంచుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తెలియాలి. మూడు ముక్కలాటను మాత్రం కేవలం అదృష్టం వైపు పెట్టింది. మీ అమ్మమ్మ ఏ కోర్టు తీర్పూ చదవకుండానే ఈ తేడా చెప్పేది. తన ముందు మూడు ముక్కలాట ఎవరినీ ఆడనిచ్చేది కాదు, రమ్మీకి మాత్రం తానే చాప పరిచేది.

నేర్పేటప్పుడు రూల్సు పుస్తకం మొదటి పేజీ నుంచి చదవకు. ఎలా గెలుస్తాం, ఎలా ఓడతాం, నీ వంతులో ఏమేం చేయవచ్చు, ఈ మూడూ చెప్పి పత్తాలు పంచెయ్. మిగిలినవి వచ్చినప్పుడు వస్తాయి. పత్తాల మీద ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో నిండా ఉంటుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు చదవగలరు, కానీ పదిమంది ముందు తడుముకోవడానికి సిగ్గుపడతారు. అందుకని పాతవాళ్లతో సహా అందరూ తాము ఆడే పత్తాను గట్టిగా చదివి, దాని అర్థం తెలుగులో ఒక్క ముక్కలో చెప్పే అలవాటు పెట్టు. హిందీ పిల్లలున్న బల్లలో హిందీలో. అందరూ చేస్తున్నప్పుడు అది ఎవరి లోపమూ కాదు.

మొదటిరోజు ఎవరినైనా "మీరు" అనే పిలవండి. చనువు పెరిగాక "నువ్వు" దానంతట అదే వస్తుంది. కొత్తగా వచ్చిన అమ్మాయిని నలుగురు మగపిల్లలున్న బల్లలో ఒంటరిగా కూర్చోబెట్టకు. ఆ బల్లలో నువ్వు కూర్చో, లేదా ఇంకొకర్ని పంపు. సాయంత్రం ఆరింటికల్లా ముగిసేలా మధ్యాహ్నమే మొదలుపెట్టండి. పీజీ గేట్లకు టైము ఉంటుంది, లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కి సికింద్రాబాద్ వైపు పోయేవాళ్లుంటారు. మధ్యలో లేవాల్సిన మనిషి మొహమాటంతో గడియారం చూసుకుంటూ ఆడుతుంటే ఆ బల్ల మీద ఆనందం ఉండదు. ఇక్కడ జట్టు ఆటకు ఒక సౌకర్యం ఉంది. ఒకరు లేచినా మిగతావాళ్లు లెక్క సర్దుకుని కొనసాగించవచ్చు. పోటీ ఆటలో లేస్తే ఎదుటివాడు కూడా ఆగిపోతాడు. కాబట్టి ఎప్పుడు వెళ్లాలో వచ్చినప్పుడే అడిగి, దాన్ని బట్టి బల్ల చూపించు.

ఎవరికి ఏది నచ్చుతుందో మనుషుల్ని చూసి ముందే తేల్చేయకు. నెమ్మదస్తులకు జట్టు ఆట, దూకుడువాళ్లకు పోటీ ఆట అని ఒక లెక్క చాలామంది వేస్తారు. నేను చూసినంతలో అది నిలబడలేదు. నలుగురిలో నోరు తెరవని మనిషి ఒక్కరి ఎదుట కూర్చుంటే వికసిస్తుంది, మాటలక్కర్లేదు కదా, పత్తాలే మాట్లాడతాయి. గలగల మాట్లాడేవాడు ఎదురు మనిషిని ఓడించడానికి చేతులు రాక జట్టులో సేద తీరుతాడు. రెండూ రుచి చూపించు. మొదటి ఆదివారం జట్టు ఆట, వీలైతే అదే రోజు ఒక చిన్న పోటీ ఆట. ఎటు మొగ్గుతారో వాళ్లే చెబుతారు.

ఆ శ్రీకాకుళం అమ్మాయికి నువ్వే ఫోన్ చెయ్యి. వాట్సాప్ గ్రూపులో "అందరూ రండి" అని పెట్టడం వేరు, "నువ్వొస్తే నీతో నెట్‌రన్నర్ ఆడాలని ఉంది, ఇద్దరమే" అని పిలవడం వేరు. ఆ టీమ్ లీడ్‌ను కూడా వదులుకోకు. అతనికి నేర్పాలనే ఆత్రం ఉంది, అది అందరిలో ఉండదు. "నీ పక్కవాళ్లకు ప్రశ్నలు వెయ్యి, జవాబులు వద్దు" అని అతనికి ఒక పని అప్పగించు. అడిగే ప్రశ్న కూడా నువ్వే చెప్పు: "ఇప్పుడు నీకు ఏది ఎక్కువ భయంగా ఉంది, రైనోనా, కుట్రనా?" కొత్తమనిషి దానికి చెప్పే జవాబే ఆమె ఎత్తుగడ. అతనికి అది వినడం అలవాటైతే మీ అందరిలోకీ మంచి గురువు అవుతాడు.

మన నల్లగండ్ల ఫ్లాట్‌లో అటక మీద ఎడమవైపు ఆకుపచ్చ సూట్‌కేసులో పత్తాలకు వేసే ప్లాస్టిక్ తొడుగులు కొత్తవి ఉన్నాయి, తీసుకో. గేట్‌వే పత్తాలు కాగితం మీద ప్రింటు తీసి కత్తిరించి, ప్రతి తొడుగులో వెనక ఒక పాత పేకముక్క పెట్టు, గట్టిగా ఉంటాయి, కలపడానికి బాగుంటుంది. వెనకవైపు కనిపించని రంగు తొడుగులే వాడు, లేకపోతే ఏ ముక్క ఏదో పట్టేస్తారు. కార్పొరేషన్‌కు ఒక రంగు, రన్నర్‌కు ఒక రంగు. తాళం వాచ్‌మన్ దగ్గర ఉంది. దసరాకు ఇంటికి వచ్చేటప్పుడు ఆ రెండు కట్టలూ తీసుకురా, మీ అత్త నేర్చుకుంటానంటోంది. తనకు రన్నర్ వద్దట, కార్పొరేషనే కావాలట.

ఆశీస్సులతో,
నీ మామయ్య